ఒళ్ళొకటి, జబ్బులు నాలుగు

ఖరగ్‌పూర్ రైల్వే పేటల్లో తెలుగువారి ముసలితనం

ముసలితనంలో జబ్బు ఒంటరిగా రావడం తక్కువ. షుగరు ఉన్న మనిషికి బీపీ ఉంటుంది. ఆ రెండూ పదిహేనేళ్ళు సాగాక మూత్రపిండాల లెక్క మారుతుంది. ఈలోగా మోకాళ్ళు అరుగుతాయి, కంట్లో శుక్లం కమ్ముతుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. పూర్తిగా నయం కాకుండా ఏళ్ళ తరబడి ఉండిపోయే జబ్బులు రెండో, అంతకంటే ఎక్కువో ఒకే మనిషిలో ఉండటాన్ని వైద్యులు ప్రత్యేక స్థితిగా లెక్కిస్తారు. 2017-18లో దేశమంతటా 45 ఏళ్ళు దాటిన 72 వేల మందిని పలకరించిన ‘లాసీ’ సర్వే ప్రకారం, అరవై దాటినవారిలో సుమారు నాలుగోవంతు మంది ఈ స్థితిలో ఉన్నారు. ఆ సర్వే చాలావరకు జనం నోటిమాట మీద, అంటే డాక్టరు చెప్పగా తమకు తెలిసిన జబ్బుల మీద ఆధారపడింది. పరీక్ష చేయించుకోనివారి జబ్బు అందులోకి రాదు కనుక అసలు సంఖ్య అంతకు తక్కువైతే ఉండదు.

స్కాట్లాండులో 17.5 లక్షల మంది రికార్డులు తిరగేసి 2012లో ‘లాన్సెట్’లో ప్రచురించిన అధ్యయనం మరో సంగతి బయటపెట్టింది. 65 ఏళ్ళు వచ్చేసరికి సగానికి పైగా జనం రెండు, అంతకు మించిన జబ్బులతో ఉన్నారు. పేదపేటల్లో అదే పరిస్థితి పది పదిహేనేళ్ళు ముందే వచ్చేసింది. జబ్బుల మూట వయసుతోపాటు చేసిన పనిని, తిన్న తిండిని, ఉన్న ఇంటిని బట్టి కూడా బరువెక్కుతుందన్నమాట. ఈ మాట పట్టుకుని చూడదగ్గ ఊరు ఖరగ్‌పూర్.

వర్క్‌షాపు ఇచ్చిన ఒళ్ళు

పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉన్న ఈ ఊరు రైలు కోసం పుట్టింది. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షనునూ, పెద్ద వర్క్‌షాపునూ కట్టింది. 1072 మీటర్ల ఇక్కడి ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు మోసింది. తూర్పు తీరం రైలుమార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి కలాసీలుగా, ఫిట్టర్లుగా, బాయిలరు పనివారుగా, ఫైర్‌మెన్లుగా తెలుగువాళ్ళు తరలివచ్చారు. బరంపురం తెలుగువాడైన వి.వి.గిరి దేశానికి రాష్ట్రపతి కాకముందు, 1920ల చివర్లో ఈ రైల్వే కార్మికుల పోరాటాలకే నాయకత్వం వహించాడు. నిమ్‌పురా, మధురాకాఠి, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మలంచా వంటి పేటల్లో నాలుగో తరం తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది. ఏటా మాతాపూజల వేళ వీధులు ఉత్తరాంధ్ర ఊళ్ళను తలపిస్తాయి. 2020 డిసెంబరులో తెలుగును అధికార భాషల్లో చేర్చాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించడానికి ఈ జనాభాయే ముఖ్య కారణం.

1974 మే రైల్వే సమ్మెనాటి కుర్రాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటింది. వాళ్ళ ఒంట్లో ఉన్న జబ్బులకు పుస్తకంలో చూపే కారణాలతోపాటు వర్క్‌షాపు కారణాలూ ఉన్నాయి. ఆవిరి ఇంజన్లు బ్రాడ్‌గేజి పట్టాల మీద 1990ల మధ్య వరకు నడిచాయి. బొగ్గు పొగ, వెల్డింగు పొగ, మాస్కు అన్నదే లేని రోజుల్లో పీల్చిన దుమ్ము ఊపిరితిత్తులను ఊరకే వదలవు. దానికి బీడీ తోడైతే నడివయసు దాటాక ఆయాసం వచ్చే ముప్పు ఎక్కువ. రివెట్లు కొట్టే శబ్దంలో ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ చెవికి సన్నని మాట అందదు. రైళ్ళు నడిపే రన్నింగ్ స్టాఫ్‌కు నిద్రకు వేళ లేదు, తిండికి వేళ లేదు. రాత్రి డ్యూటీలు ఎక్కువగా చేసినవారిలో షుగరు, గుండెజబ్బులు ఎక్కువని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి.

ఆడవాళ్ళ లెక్క వేరు. వాళ్ళు వర్క్‌షాపులో పనిచెయ్యకపోయినా బొగ్గు పొయ్యి ముందు కూర్చున్నారు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చిన పాతతరంలో కొందరికి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఉండేది. అంగిట్లో పుళ్ళకు, కేన్సరుకు అది దారి. తర్వాతివాళ్ళకు ఒడిశా, బెంగాల్ ప్రాంతాల పొగాకు ముద్ద గుడాకు అలవాటైంది. పొగాకు పొగ రూపంలో పోయి ముద్ద రూపంలో మిగిలింది. ఎండుచేపల్లో, ఊరగాయల్లో ఉప్పు పూర్వం నుంచీ ఉన్నదే. బెంగాలీ మిఠాయి దుకాణం కొత్తగా చేరింది. మూడు పూటలా అన్నం ఒంటికి సరిపోయిన రోజుల్లో రోజుకు ఎనిమిది గంటలు ఇనుముతో కుస్తీ ఉండేది. రిటైరైన మర్నాటి నుంచి కుస్తీ ఆగుతుంది, అన్నం కొలత మాత్రం మారదు.

ఒకదాన్ని ఒకటి పెంచే జబ్బులు

నాలుగు జబ్బులున్న మనిషిని నలుగురు రోగులుగా విడదీసి చూడటమే ఆధునిక వైద్యంలో ఉన్న పెద్ద లోపం. గుండెకు ఒక డాక్టరు, కీళ్ళకు ఒకరు, కంటికి ఒకరు, షుగరుకు ఒకరు. ఎవరి మటుకు వారు రాసింది సరైనదే కావచ్చు. అన్నీ కలిసి ఒక్క కడుపులోకే వెళ్తాయన్నది మాత్రం ఎవరి చీటీలోనూ కనిపించదు.

2005లో అమెరికా వైద్య పత్రిక ‘జామా’లో సింథియా బాయిడ్, ఆమె సహచరులు ఒక లెక్క వేశారు. 79 ఏళ్ళ ఒక స్త్రీని ఊహించుకున్నారు. ఆమెకు షుగరు, బీపీ, ఎముకల బలహీనత, కీళ్ళ అరుగుదల, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి ఉన్నాయి. ఒక్కో జబ్బుకు నిపుణుల సంఘాలు రాసిన మార్గదర్శకాలను తు.చ. తప్పకుండా పాటిస్తే ఆమె 12 రకాల మందులను రోజుకు 19 మోతాదుల్లో వేసుకోవాలి. వాటికి ఆనాటి ధరల్లో నెలకు 406 డాలర్లు. వాటితోపాటు పాటించాల్సిన పథ్యాలు, వ్యాయామాలు ఒకదానితో ఒకటి పొసగవు కూడా. ఆ మార్గదర్శకాల్లో ఎక్కువభాగం ఒక్కటే జబ్బున్న, వయసు తక్కువున్న మనుషుల మీద జరిగిన ప్రయోగాల నుంచి పుట్టినవి. ముసలివాళ్ళను, పలు జబ్బులున్నవాళ్ళను ప్రయోగాల్లోంచి ముందే తప్పించేవారు. ఎవరి మీద పరీక్షించలేదో వాళ్ళకే ఆ మందులు అందరికంటే ఎక్కువగా రాస్తున్నారు.

రైల్వే పింఛనుదారు ఇంట్లో తరచు కనబడే మందులతోనే ఈ చిక్కును చూపవచ్చు. బీపీకి టెల్మిసార్టాన్, దానితో కలిపి నీరుతీసే మాత్ర, ఈ రెండూ మామూలే. మోకాలి నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫినాక్ వాటితో కలిస్తే మూత్రపిండానికి మూడు వైపుల నుంచీ దెబ్బ. వాంతులో విరేచనాలో పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిన రోజున ఈ మూడూ కలిసి, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్‌ను ఒక్క వారంలో పైకి లేపగలవు. ఎండకూ ఇందులో పాత్ర ఉంది. ఖరగ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న కలైకుండాలో 2024 ఏప్రిల్ 30న 47.2 డిగ్రీలు నమోదైంది. అలాంటి వేసవిలో నీరుతీసే మాత్ర మోతాదు చలికాలంలో ఉన్నట్టే ఉండాలా అన్నది డాక్టరును తప్పక అడగవలసిన ప్రశ్న.

మందు తెచ్చిన బాధను కొత్త జబ్బుగా పొరబడి ఇంకో మందు రాయడం మరో రకం చిక్కు. దీన్ని 1990ల్లో పాలా రోషాన్, జెర్రీ గుర్విట్జ్ అనే వైద్యులు వివరించారు. ఆమ్లోడిపిన్ వేసుకున్న కొందరికి పాదాలు వాస్తాయి. వాపుకు నీరుతీసే మాత్ర రాస్తారు. రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తుంది. ప్రోస్టేటు అనుకుని టామ్సులోసిన్ మొదలుపెడతారు. అది లేచి నిలబడగానే బీపీని దించుతుంది. చీకట్లో బాత్‌రూమ్‌కు వెళ్తూ పడిన మనిషికి తుంటి విరుగుతుంది. ఎముకల డాక్టరు దగ్గరికి చేరిన ఈ కేసు మొదలైంది ఒక బీపీ మాత్ర దగ్గర. కథలా ఉన్నా ఇందులో ప్రతి మెట్టూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే.

కంట్లో చుక్కల మందును ఎవరూ మందుగా లెక్కపెట్టరు. నీటికాసులకు వేసే టిమోలాల్ చుక్కలు రక్తంలోకి చేరి ఆయాసాన్ని పెంచగలవు, గుండె వేగాన్ని తగ్గించగలవు. బొగ్గు పొగ తిన్న ఊపిరితిత్తులున్న మనిషి కంటి డాక్టరుకు తన ఉబ్బసం సంగతి చెప్పకపోతే ఆయనకు తెలిసే దారేదీ లేదు. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళు వాడితే బి12 తగ్గి అరికాళ్ళలో తిమ్మిరి వస్తుంది. దాన్ని షుగరు నరాల జబ్బుగా తీర్మానించేముందు ఒక రక్తపరీక్ష చేయిస్తే సరిపోతుంది. పాత మాత్ర గ్లైబెన్‌క్లమైడ్ ముసలివాళ్ళలో షుగరును గంటల తరబడి కిందికి దించి ఉంచుతుంది. మూత్రపిండాలు బలహీనపడ్డవారిలో మరీను. కార్తీక సోమవారం ఉపవాసం ఉండే ముత్తైదువకు ఈ ప్రమాదం ఎవరూ చెప్పరు.

అన్నీ ప్రతికూలమే అనుకోనక్కర్లేదు. ఒకే మందు మూడు జబ్బులకు పనికొచ్చే సందర్భాలూ ఉన్నాయి. షుగరు కోసం వచ్చిన డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ గుండె బలహీనతలోనూ, మూత్రపిండాల జబ్బులోనూ మేలు చేస్తాయని పెద్ద ప్రయోగాల్లో తేలింది. మొదటిదానికి అంతకుముందే, రెండోదానికి 2025లో పేటెంటు గడువు తీరాక మన దేశంలో ధరలు బాగా దిగాయి. మందుల పట్టీలో ఒక్కో మందు ఎన్ని జబ్బులకు పనిచేస్తుందో చూసే డాక్టరు దొరికితే మాత్రల సంఖ్య తగ్గే వీలుంది.

రైల్వే ఆసుపత్రి, బయటి ఆసుపత్రి

పింఛను వచ్చే రైల్వే ఉద్యోగికి దేశంలో చాలామంది ముసలివాళ్ళకు లేని సౌకర్యం ఒకటుంది. పదవీ విరమణ వేళ ఒక్కసారి చందా కట్టి 1997 నాటి విశ్రాంత ఉద్యోగుల ఆరోగ్య పథకంలో చేరితే అతనికీ భార్యకూ జీవితాంతం రైల్వే వైద్యం అందుతుంది. ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో మందులు ఉచితం. అక్కడ కుదరని కేసు కోల్‌కతా గార్డెన్‌రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే కేంద్ర ఆసుపత్రికి వెళ్తుంది. రైల్వే వైద్య గుర్తింపు కార్డు ‘ఉమీద్’ వచ్చాక రికార్డు ఒకచోట చేరే అవకాశం పెరిగింది. పలు జబ్బుల మనిషికి కావలసింది సరిగ్గా ఇదే: ఒకే గొడుగు కింద అందరు డాక్టర్లు, ఒకే మందుల గది, ఒకే చీటీ.

సౌకర్యం కాగితం మీద ఉన్నంత సాఫీగా మనిషికి చేరదు. క్వార్టరు ఖాళీ చేశాక చాలామంది ఊరి అంచుల్లో ఇళ్ళు కట్టుకున్నారు. రైల్వే ఆసుపత్రికి రెండున్నర కిలోమీటర్లకు ఆవల ఉన్న పింఛనుదారు ఔట్ పేషెంట్ వైద్యం వదులుకుంటే నెలకు వెయ్యి రూపాయల వైద్యభత్యం తీసుకోవచ్చు. ఒక్క జ్వరం తప్ప మరేమీ లేని మనిషికి అది మంచి బేరమే. నాలుగు జబ్బులున్న మనిషికి వెయ్యి రూపాయలు ఒక స్పెషలిస్టు ఫీజుకూ, మిగిలితే కొన్ని మాత్రలకూ సరి. అంతకుమించిన నష్టం రికార్డు చెదిరిపోవడం. ఒక్కో ఛాంబరులో ఒక్కో ఫైలు పుడుతుంది. భత్యం ఎంచుకునేముందు జబ్బులు లెక్కపెట్టుకోవడం మేలు.

ఊళ్ళో తెలుగువాళ్ళందరూ పింఛనుదార్లు కారు. కాంట్రాక్టు కూలీలు, రిక్షా తొక్కినవాళ్ళు, ఇళ్ళలో పాచిపని చేసిన ఆడవాళ్ళు, గోల్‌బజారులో చిన్న కొట్లు నడిపినవాళ్ళు ఉన్నారు. వీరికి చాంద్‌మారీలోని మహకుమా (సబ్‌డివిజనల్) ఆసుపత్రి దగ్గర. కంసావతి నది దాటితే మేదినీపూర్ మెడికల్ కాలేజీ. 2016లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ ‘స్వాస్థ్య సాథీ’ కార్డు ఇంటి ఆడమనిషి పేరిట ఏడాదికి ఐదు లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు భరించేలా రూపొందింది. స్టెంటు వేయించుకోవాల్సి వస్తే ఇలాంటి కార్డే దిక్కు. పలు జబ్బుల మనిషి ఖర్చులో పెద్ద వాటా మాత్రం మంచం ఎక్కకముందు అయ్యేది: నెలనెలా మాత్రలు, రక్తపరీక్షలు, ఆటో చార్జీలు. దేశంలోని బీమా పథకాల్లో ఎక్కువభాగం ఆపరేషనును చూస్తాయి, మాత్రను చూడవు. జన ఔషధి దుకాణం ఒక్కటే ఇక్కడ కాస్త ఊరట.

కొడుకులు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటే వైద్యం ఇంకో దారి పడుతుంది. చలికాలంలో విశాఖ వెళ్ళి అక్కడో డాక్టరు, వెల్లూరు వెళ్ళి అక్కడో డాక్టరు. పెద్ద ఆసుపత్రిలో రాసిన కొత్త పట్టీ పాతదాన్ని రద్దు చేసిందో, దానికి తోడయిందో స్పష్టంగా రాసి ఉండదు. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు మింగడం ఇలాగే మొదలవుతుంది. మాత్ర అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చూసుకోవడం అలవాటైతే దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. 2020 మార్చిలో వృద్ధుల రైలు రాయితీ ఆగిపోవడం ఈ ప్రయాణాలను పింఛను లేనివారికి మరింత ఖరీదు చేసింది. కేన్సరు, గుండె ఆపరేషను, డయాలిసిస్ వంటి రోగులకు ఇచ్చే రాయితీ విడిగా ఉందన్న సంగతి తెలియక పూర్తి టికెట్టు కొనేవారూ ఉంటారు.

భాష సంగతి చెప్పకపోతే ఈ ఊరి కథ సగమే అవుతుంది. ఖరగ్‌పూర్ తెలుగు మగవాళ్ళకు వర్క్‌షాపు హిందీ, బజారు బెంగాలీ వచ్చు. ఇంటిపట్టున బతికిన ముసలమ్మకు ఆ రెండూ అంతంతమాత్రం. బెంగాలీ డాక్టరుకు “కాళ్ళు లాగుతున్నాయి” అన్నదానికీ “తిమ్మిరెక్కుతున్నాయి” అన్నదానికీ తేడా చేరాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి. రక్తప్రసరణ జబ్బా, నరాల జబ్బా అన్నది ఆ తేడా మీదే ఆధారపడి ఉంది. ఆమె తరఫున మాట్లాడే భర్తకు చెవులు సరిగా వినబడవు. వినికిడి తగ్గడాన్ని జబ్బుల జాబితాలో ఎవరూ వెయ్యరు. మతిమరుపు వ్యాధికి నివారించదగ్గ కారణాల్లో దాన్ని ఒకటిగా లాన్సెట్ కమిషన్ గుర్తించింది. వినికిడి యంత్రం పెట్టుకోవడానికి సిగ్గుపడే రిటైర్డ్ ఫిట్టరు, అదే చెవితో డాక్టరు చెప్పిన మోతాదు వింటున్నాడు.

ఏది ముందు, ఏది వెనక

పలు జబ్బులకు చికిత్స అంటే అన్నిటినీ ఒకే పట్టుదలతో తరమడం అనుకుంటే మనిషి అలసిపోతాడు. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2016లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఈ దృక్పథాన్ని మార్చాయి. ఏ చికిత్స ఈ మనిషికి ఏం మేలు చేస్తోంది, దాని భారమెంత, అతనికి అన్నిటికంటే ముఖ్యమైనది ఏమిటి అని ముందు అడగమన్నాయి. ఒకరికి నొప్పి లేకుండా గుడిదాకా నడవడం ముఖ్యం. ఇంకొకరికి పడకుండా ఉండటం, మరొకరికి డయాలిసిస్ దాకా పోకుండా ఉండటం. జవాబును బట్టి పట్టీ మారాలి.

లక్ష్యాలు కూడా వయసుతో సడలుతాయి. గట్టిగా ఉన్న అరవై ఐదేళ్ళ మనిషికి మూడు నెలల షుగరు సగటు 7 లేదా 7.5 లోపు ఉంచమంటారు. గుండె, మూత్రపిండాల జబ్బులు కలిసి బలహీనపడ్డ మనిషికి 8 దాకా ఒప్పుకోవచ్చని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచన. ఎనభై ఏళ్ళ తల్లి షుగరు సగటు 6.2 ఉందని సంతోషించే కొడుకు, ఆమెకు తెల్లవారుజామున చెమటలు పడుతున్నాయా అని అడగడం మంచిది. బీపీని కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటి నుంచి మూడు నిమిషాల్లోపు మరోసారి చూడాలి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువగానీ పడితే మందులు తిరిగి చూడాల్సిందే. ఈ చిన్న పరీక్ష రద్దీ ఓపీల్లో జరిగేది అరుదు. ఇంట్లో మిషను ఉన్నవాళ్ళు తామే చేసుకోవచ్చు.

మందు మొదలుపెట్టడం ఎంత వైద్యమో, ఆపడమూ అంతే వైద్యం. ముసలివాళ్ళకు తగని మందుల జాబితాను అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ 1991లోనే తయారు చేశాడు. అది ఇప్పటికీ సవరణలతో వస్తోంది. నిద్రమాత్రలు, గ్యాస్ అంటూ ఏళ్ళ తరబడి వాడే మాత్రలు, ఎప్పుడో జలుబుకు మొదలెట్టి ఆగని మాత్రలు ఇలాంటి తిరిగిచూపులోనే బయటపడతాయి. అయితే ఆపే పని రోగి సొంతంగా చెయ్యరాదు. బీపీ మాత్ర గానీ, గుండె మాత్ర గానీ, స్టిరాయిడ్ గానీ హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

బెంగాల్‌లో హోమియోపతికి ఆదరణ ఎక్కువ. ఉత్తరాంధ్ర ఇళ్ళకు ఊరి నుంచి పసరు మందులూ వస్తాయి. వీటిని వాడేవాళ్ళు దాచిపెట్టడం వల్ల వచ్చే ముప్పు, వాడటం వల్ల వచ్చేదానికంటే పెద్దది కావచ్చు. క్రియాటినిన్ ఎందుకు పెరిగిందో తెలియక డాక్టరు వెతుకుతుంటే, పసరు సీసా వంటింటి గూట్లో ఉంటుంది. దిగులునూ దాచిపెడతారు. పలు జబ్బులున్నవారిలో కుంగుబాటు మామూలు జనంలో కంటే బాగా ఎక్కువ. తిండి సహించకపోవడం, మాత్రలు మానేయడం, మధ్యరాత్రి మెలకువ రావడం దాని గుర్తులు కావచ్చు. “వయసు కదా” అన్న మాటతో అది కొట్టుకుపోతుంది.

ఇంటి స్థాయిలో కుదిరే పనులు తక్కువేమీ కావు. పొద్దున్న ఎండ ముదరకముందు నడక, అన్నంలో సగం తగ్గించి కూరా పప్పూ పెంచడం, ఎండుచేప కూరలో ఉప్పు వెయ్యకపోవడం, గుడాకు మానడం, ఏటా ఫ్లూ టీకా, డాక్టరు సలహాతో న్యుమోనియా టీకా, రోజూ అరికాళ్ళు చూసుకోవడం. వీటిలో చాలావరకు ఒక్క జబ్బుకు కాక పలు జబ్బులకు ఒకేసారి పనిచేస్తాయి.

ఊరి స్థాయిలో పని పింఛనుదార్ల సంఘాలదీ, తెలుగు సంఘాలదీ. లైఫ్ సర్టిఫికెట్ నెలలో బ్యాంకు దగ్గర పెద్దలకు సాయం చేసినట్టే, వారానికి ఒక పూట రైల్వే ఆసుపత్రి, చాంద్‌మారీ ఆసుపత్రి ఓపీల్లో తెలుగు, బెంగాలీ రెండూ వచ్చిన ఒక మనిషిని కూర్చోబెట్టగలిగితే ఎన్నో పొరపాట్లు తప్పుతాయి. అంతదాకా ఆగనక్కర్లేని పని ఇంకోటుంది. ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలు, చుక్కలు, పీల్చే మందులు, పసర్లు, హోమియో సీసాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. బల్లమీద పోసి, “ఇందులో నాకు అక్కర్లేనివి ఏవి?” అని డాక్టరును అడగండి.